ఏది ఎక్కడుందో ఇల్లాలికి తెలియాలి



ఉదయగిరి వైపు పల్లెల్లో గానీ, ఆత్మకూరు వైపు పల్లెల్లో గానీ తెల్లారేసరికి ఒక మాట వినబడుతుంది. "యాడ పెట్టినావు?" అనే మాట. మగాయన కొడవలి కోసం అడుగుతాడు. పిల్లవాడు నోటు పుస్తకం కోసం అడుగుతాడు. ముసలమ్మ కళ్లజోడు కోసం అడుగుతుంది. "ఆడే ఉంటాది, సరిగ్గా చూడండి" అంటుంది ఇల్లాలు పొయ్యి దగ్గర నుంచే. ఎవరికీ దొరకదు. చివరకు ఆమే లేచి రావాలి. ఆలోపల పొయ్యి మీద కూర అడుగంటుతుంది. దానికీ మాట పడేది ఆమే.

వస్తువు దొరకకపోతే పది నిమిషాలు పోతాయి. అంతే అయితే ఇంతమందిని కూర్చోబెట్టి చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో ఏది ఎక్కడుందో తెలియకపోతే ఒక్కోసారి ప్రాణం పోతుంది. ఒక్కోసారి భూమి చిక్కుల్లో పడుతుంది. అందుకే ఈ మాటలు.

ముందుగా మన ఇళ్లలో సామాను దాచే చోట్లు గుర్తు చేసుకుందాం. పూరింట్లో చూరు ఉంటుంది. కొడవలి, దువ్వెన, డాక్టరు రాసిన చీటీ అన్నీ చూరులోకే పోతాయి. మట్టి మిద్దెలో గూళ్లు ఉంటాయి. కాలనీ ఇంట్లో సిమెంటు అటక ఉంటుంది. మంచం కింద చోటు ఉండనే ఉంది. మూలన ట్రంకు పెట్టె. దాని మీద బొంతలు, బొంతల మీద దిండ్లు, వాటి మీద మడత పెట్టని బట్టలు. ఆ పెట్టె తెరవాలంటే ముందు అర్ధగంట పని. అందుకే ఎవరూ తెరవరు. అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

పట్నాల్లో కొందరు ఒక సలహా చెబుతారు. ఏడాదిగా వాడని వస్తువును పారేయమంటారు. అది బీరువాలు నిండిన వాళ్లకు సరిపోయే సలహా. మెట్ట సేద్యం చేసే ఇంట్లో సరిపోదు. వాన పడని ఏడు విత్తనాల గొర్రు అటక మీదే ఉంటుంది. దాన్ని పారేస్తారా? చిరిగిన చీర బొంత అవుతుంది. బొంత పాతబడితే చంటిబిడ్డ కింద గుడ్డ అవుతుంది. అదీ చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. లేనివాళ్ల ఇంట్లో ఏదీ ఊరికే పోదు. కాబట్టి పారేయడం కాదు ముఖ్యం. ఏముందో తెలియడం ముఖ్యం. తెలిశాక పారేయాల్సింది ఏదో దానంతట అదే కనబడుతుంది.

ఇల్లు దులపడం మన పెద్దవాళ్లు పెట్టిన పద్ధతే. సంక్రాంతికి సున్నం కొట్టాలంటే సామానంతా వాకిట్లోకి రావాల్సిందే. రంజాను ముందు, క్రిస్మసు ముందు కూడా ఇళ్లలో ఇదే పని. భోగి నాడు పాత చాప, విరిగిన తట్ట, పుచ్చిన కర్ర మంటలో వేసేవాళ్లు. అప్పటి పాత సామానంతా చెట్టు నుంచి వచ్చిందే. కాలి బూడిద అయ్యేది. ఇప్పుడు ప్లాస్టిక్ బిందెలు, టైర్లు కూడా ఆ మంటలో పడుతున్నాయి. ఆ పొగ చంటిబిడ్డల ఊపిరికి మంచిది కాదు. వాటిని పాత సామాన్ల వాడికి వేయాలి గానీ మంటలో వేయకూడదు.

అయితే ఒక్క సంక్రాంతి దులుపు మన జిల్లాకు చాలదు. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. సంక్రాంతి వచ్చేసరికి వానలు అయిపోయి ఉంటాయి. తడవాల్సినవి తడిసి ఉంటాయి. లోపలికి రావాల్సిన పాములు వచ్చి ఉంటాయి. అందుకని దసరాకు ముందే ఇంకోసారి దులపాలి. ఇది అలంకారం కోసం కాదు. దసరా దులుపుకు సున్నం అక్కర్లేదు, పొరక చాలు.

ఇక అన్నిటికన్నా ముందు చూడాల్సింది పురుగుమందు డబ్బా.

పొగాకుకు, శనగకు, కందికి, వరికి, నిమ్మతోటకు మందులు కొడుతూనే ఉంటారు. సగం మిగిలిన డబ్బా ఇంటికి వస్తుంది. ఖరీదు పెట్టి కొన్నారు కాబట్టి పారబోయరు. ఎక్కడ పెడతారు? అటక మీద. లేదా వంటింటి గూట్లో, నూనె సీసా వెనకాల. ఒక్కో ఇంట్లో మందు అయిపోయాక డబ్బా బాగుందని కడిగి, దానిలో ఉప్పో, చింతపండో, నూనో పోస్తారు.

ఇలాంటి పని ఎంత దూరం పోతుందో చూడండి. ఉత్తరాన బీహారు అనే రాష్ట్రం ఉంది. అక్కడ సారన్ జిల్లాలో గండామన్ అనే పల్లెలో ఒక చిన్న బడి. 2013 జూలై 16న ఆ బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టారు. కూర రుచి తేడాగా ఉందని పిల్లలు అన్నారు. అయినా తిన్నారు. 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షలో తేలింది. పురుగుమందు ఉంచిన డబ్బాలో ఆ నూనె పోసి పెట్టారని అధికారులు చెప్పారు. ఎవరూ పగబట్టి చేసింది కాదు. రెండు వస్తువులు ఉండకూడని విధంగా ఒకచోట చేరాయి. అంతే.

డబ్బా ఎంత కడిగినా మందు పూర్తిగా పోదు. మందు అయిపోయిన డబ్బాను చేను దగ్గరే మూడుసార్లు కడగాలి. ఆ నీళ్లు మందు కొట్టే ట్యాంకులోనే పోయాలి. తరవాత డబ్బాకు చిల్లులు పెట్టాలి. చిల్లులు పడ్డ డబ్బాను ఎవరూ ఇంటికి మోసుకు రారు.

మిగిలిన మందును ఇంటి బయట, తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. పశువుల దాణా దగ్గర కూడా వద్దు. తాళంచెవి పిల్లలకు అందకూడదు. పెద్దవాళ్లకు కూడా చేతికందే దూరంలో మందు ఉండటం మంచిది కాదు. ఇంట్లో గొడవ వస్తుంది. అప్పులవాడు వాకిట్లో నిలబడతాడు. మనసు విరిగిన ఆ ఒక్క గడియలో మందు డబ్బా ఎదురుగా ఉంటే ఏమవుతుందో పల్లెల్లో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తాళం తీసి, పెట్టె తెరిచే లోపల ఆ గడియ దాటిపోవచ్చు. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకోవచ్చు. ఈ తాళం చిన్న వస్తువే. దానికోసం మగవాళ్లతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చినా మాట్లాడాలి.

డబ్బా మీద ఏముందో చదవడం ఇప్పుడు మీకు వచ్చు. ప్రతి డబ్బా మీద మూలమీద నిలబెట్టిన చదరం బొమ్మ ఒకటి ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ప్రమాదమైన విషం. పైన పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపు దాని తరవాతది. నీలం ఆ తరవాతది. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువది. తక్కువ అంటే తాగినా ఏమీ కాదని కాదు. అదీ మందే. డబ్బాతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఇస్తారు. అందులో తెలుగు కూడా ఉంటుంది. ఎవరైనా పొరపాటున మింగితే ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని చాలామంది అంగడి దగ్గరే పారేస్తారు. దాన్ని డబ్బాకే దారంతో కట్టి ఉంచాలి.

ఫినాయిలు, బాత్‌రూము కడిగే యాసిడ్, మోటారు సైకిలుకు తెచ్చిన పెట్రోలు. వీటిని కూల్‌డ్రింకు సీసాల్లో పోస్తుంటారు. పిల్లలకు ఆ సీసా అంటే తాగేదే. వీటిని అవి వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. బిడ్డ పొరపాటున తాగితే వేళ్లు పెట్టి కక్కించకూడదు. పైకి వచ్చేటప్పుడు గొంతును మళ్లీ కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డనూ, ఆ సీసానూ కలిపి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏం తాగిందో డాక్టరుకు తెలియాలి కదా.

ధాన్యంలో పురుగు పట్టకుండా పెట్టే విషపు బిళ్లలు కూడా అలాంటివే. వాటి నుంచి విషగాలి వస్తుంది. మనుషులు పడుకునే ఇంట్లో వాటిని పెట్టనే కూడదు. బాగా ఎండబెట్టిన గింజలో ఎండిన వేపాకు వేసి, మూత గట్టిగా పెట్టే పాత పద్ధతే ఇంటికి మేలు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం మీ అత్తలకు తెలుసు. అడగండి.

గింజ ఉన్నచోటికి ఎలుక వస్తుంది. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. కానీ ఎలుక ఎక్కడ కాపురం పెడుతుందో చూడండి. కదలని మూటల వెనక. మన దేశంలో పాముకాటుతో ఏటా 58 వేల మంది దాకా చనిపోతున్నారని 2020లో ఒక పెద్ద పరిశోధన లెక్క తేల్చింది. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లే. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు పడ్డచోట వాపు ఉండదు, పెద్దగా నొప్పి ఉండదు. "చీమేదో కుట్టింది" అనుకుని మళ్లీ పడుకుంటారు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం. అప్పటికి ఆలస్యమైపోతుంది. అనుమానం వస్తే చాలు. కోయకూడదు, గట్టిగా తాడు బిగించకూడదు, మంత్రం కోసం పోకూడదు. కరిచిన చెయ్యినో కాలునో కదపకుండా 108 పిలిచి సర్కారు ఆసుపత్రికి పోవాలి.

అందుకని సంచులను నేల మీద పెట్టకూడదు. కింద రెండు దుంగలు వేసి, వాటి మీద పలక వేసి పెట్టాలి. గోడకు జానెడు దూరం ఉండాలి. పొరక దూరేంత సందు ఉంటే ఎలుక నిలవదు. పడుకునే మనిషికీ, గింజ సంచికీ మధ్య ఎంత దూరం వీలైతే అంత మంచిది. ఒకే గది ఉన్న ఇంట్లో ఇది కష్టమే. కనీసం మంచం కింద ఉల్లిపాయలు, వేరుశనక్కాయలు పోయకుండా ఉండొచ్చు.

కట్టెల మోపు, పాత ఇటుకలు, రాళ్లు గోడకు ఆనించి ఉంటే తేళ్లు చేరతాయి. చిన్నపిల్లలకు ఎర్రతేలు కాటు ప్రాణం మీదికి తెస్తుంది. సర్దేటప్పుడు చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టాలి. పగలే సర్దాలి. పెరట్లో పాత టైరు, పగిలిన కుండ ఉంటే వానకు నీళ్లు నిలుస్తాయి. వారం పది రోజుల్లో అందులో దోమలు పుడతాయి. బోర్లించి పెడితే చాలు.

ఇప్పుడు కొంచెం ఇష్టమైన పని. వంటింటి డబ్బాలు.

ఒకే రకం డబ్బాలు పది ఉంటాయి. ఉప్పు కావాలంటే నాలుగు మూతలు తీస్తారు. తెల్ల కాగితం ముక్కల మీద పేర్లు రాసి, గంజితో అంటించండి. "ఉప్పు", "కందిపప్పు", "సజ్జపిండి", "చక్కెర". అక్షరం వంకర పోతే పోనీ. మీ ఇంట్లో చదవాల్సింది మీరే. కేంద్రంలో దిద్దిన అక్షరం నెల రోజులు కలం పట్టకపోతే మరుపుకు వస్తుంది. వంటింట్లో రోజూ కళ్లబడే అక్షరం మరుపుకు రాదు. పప్పు ఎప్పుడు తెచ్చారో ఆ తేదీ కూడా కింద రాస్తే పాతది ముందు వాడుకోవచ్చు. ఉదయగిరి చెక్క గరిటెలు ఉంటే వాటిని డబ్బాలో కుక్కకండి. కడిగి, ఆరబెట్టి, తగిలించాలి. తడి ఉంటే నల్లబడతాయి.

గూట్లో మాత్రల కవరు ఒకటి ఉంటుంది. జ్వరానివి, బీపీవి, ఎప్పుడో ఆపరేషనుకు ఇచ్చినవి అన్నీ అందులోనే. వాటిని చాప మీద పోసి చూడండి. మాత్రల అట్ట వెనక మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఇ, ఎక్స్, పి. దాని పక్కన నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. ఆ నెల దాటిపోతే ఆ మాత్ర వాడకూడదు. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, అంకెలు మీకు వచ్చు. అట్టను తేదీ ఉన్న వైపు నుంచి కత్తిరించకండి. చివరి మాత్ర దాకా తేదీ మిగలాలి.

ఇక ట్రంకు పెట్టె.

బట్టల్లో పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తారు. చంటిబిడ్డ మింగితే ప్రమాదం. వేపాకు మేలు. బట్టల సంగతి అంతే. అసలు సంగతి కాగితాలది.

పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిస్థలం పట్టా, రేషను కార్డు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం, పొదుపు సంఘం పుస్తకం, ఉపాధి హామీ జాబు కార్డు, పిల్లల జనన పత్రాలు, టీకాల కార్డు, బడి సర్టిఫికెట్లు, బంగారం కుదవ పెట్టిన రసీదు. ఇన్ని కాగితాలు ఒక ఇంట్లో ఉంటాయి. ఒకటి చూరులో, ఒకటి దేవుడి పటం వెనక, ఒకటి చీర మడతలో, ఒకటి ఆయన చొక్కా జేబులో. ఇంటిస్థలం పట్టాలు చాలావరకు ఆడవాళ్ల పేరునే ఇస్తున్నారు. మీ పేరున్న కాగితం మీకు కనబడకుండా ఉంటే ఎట్లా? 2023 అక్టోబరు 1 తరవాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, ఆధార్‌కు జనన పత్రమే ఆధారం. ఆ బిడ్డలకు అది పోతే కష్టం.

2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చింది. సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. ఆత్మకూరు వైపు నది ఒడ్డు పల్లెల్లోకి నీళ్లు వచ్చాయి. రాత్రికి రాత్రి ఇల్లు వదలాల్సి వస్తే ఏం పట్టుకుని పరిగెత్తాలి? బిడ్డను, ఒక సంచిని. ఆ సంచి ముందే కట్టి ఉండాలి. మందమైన ప్లాస్టిక్ కవరులో కాగితాలన్నీ పెట్టి, మూతి మడిచి, ఒక గుడ్డ సంచిలో వేయాలి. నేల మీద ఉన్న పెట్టె అడుగున కాదు, చెయ్యెత్తు చోట తగిలించాలి. ఒక్కో కాగితానికి నకలు తీయించి, పుట్టింట్లోనో తోడబుట్టిన వాళ్ల ఇంట్లోనో ఉంచితే ఇంకా మంచిది.

డబ్బు దాచే సంగతి ఒకటి ఉంది. ఆడవాళ్లు దాచుకునేది దొంగబుద్ధితో కాదు. సారా రోజుల్లో బియ్యం కుండలో రూపాయి దాచకపోతే పిల్లలకు గంజి ఉండేది కాదు. కలిగిరి మండలం దూబగుంటలో చదువుకు కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఊరూరా ఆడవాళ్లు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ వెనకే మన జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు సంఘాలు పుట్టాయి. కుండలో రూపాయి అట్లా పుస్తకంలోకి ఎక్కింది.

అయినా కుండ అలవాటు పూర్తిగా పోలేదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటించారు. బ్యాంకులో వేసుకోవడానికి డిసెంబరు 30 దాకా గడువు ఇచ్చారు. పోపుడబ్బాల్లో, చీర మడతల్లో దాచిన నోట్లు అప్పుడు బయటికి వచ్చాయి. దాచిన చోటు మరిచిపోయి, గడువు దాటాక చూసుకున్నవాళ్లకు మిగిలింది ఉత్త కాగితం. చేతి ఖర్చుకు కొంత ఇంట్లో ఉండొచ్చు. మిగతాది మీ పేరున పుస్తకంలో ఉండాలి.

ఇల్లంతా ఒక్కరోజులో సర్దాలని మొదలుపెడితే మధ్యాహ్నానికి నడుం విరుగుతుంది, వాకిలి నిండా సామాను మిగులుతుంది. పనికి పోయేవాళ్లకు అది కుదరదు. రోజుకు ఒక గూడు చాలు. ఇది ఇల్లాలి ఒక్కదాని పని కూడా కాదు. అటక మీది మోటారు సామాను మగవాళ్లది. వాళ్లే దించాలి. ఏది పనికొస్తుందో వాళ్లే చెప్పాలి. కొడుకైనా కూతురైనా తమ పుస్తకాలు తామే సర్దుకోవాలి.

అత్త సామాను సంగతికొస్తే కొంచెం నిదానం కావాలి. కోడలు అత్త ఇత్తడి చెంబు తీసి పాత సామాన్ల వాడికి వేసిందనుకోండి. సొట్టలు పడ్డ చెంబే. కానీ అది ఆమె పెళ్లినాటిది. ఇల్లు సర్దుకుంటుంది, మనసులు సర్దుకోవు. "అత్తా, దీన్ని ఏం చేద్దాం?" అని అడిగితే చాలాసార్లు ఆమే తీసేయమంటుంది. ఉంచమంటే ఉంచాలి.

పాత సామాన్ల వాడు వస్తే ముందు కిలో ఎంతో అడగండి. తూకం ముల్లు మీరే చూడండి. ఎన్ని కిలోలో, కిలో ఎంతో రాసి గుణించండి. లెక్క మీ చేతిలో ఉంటే వాడు ఇచ్చే ప్లాస్టిక్ గిన్నెకు మోసపోరు.

ఇవాళ ఇంటికి పోగానే ఒక పని చేయొచ్చు. మందు డబ్బా ఎక్కడుందో చూసి వంటింట్లోంచి బయటికి చేర్చండి. రేపు మాత్రల కవరు. ఎల్లుండి నుంచి కాగితాలు. ఏ కాగితం ఎక్కడుందో ఒక నోటు పుస్తకంలో వరుసగా రాయండి. పాసుపుస్తకంలో ఉన్న సర్వే నంబర్లు, ఖాతా నంబరు కూడా అందులో ఎక్కించండి. పాసుపుస్తకం చెదలు తిన్నా, వానకు తడిసినా తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టాల్సి వస్తుంది. అక్కడ మొదట అడిగేవి ఆ నంబర్లే.